సూక్ష్మదర్శి ఆల్బర్ట్ సాలమన్

కొందరి కృషి వారి కళ్లెదుటే ఫలిస్తుంది. మరికొందరు నాటిన విత్తనం ఇతరుల చేతుల్లో వృక్షమవుతుంది. జర్మనీ దేశపు శస్త్రవైద్యులు ఆల్బర్ట్ సాలమన్ రెండవ కోవకు చెందినవారు. రొమ్ము క్యాన్సర్‌ను ఎక్స్‌రేతో పసిగట్టే మామోగ్రఫీకి ఆయన పరిశోధనే నాంది.

1895లో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నారు. విరిగిన ఎముకలను చూడటానికి వైద్యులు వాటిని వినియోగించసాగారు. మెత్తని కణజాలంలో దాగిన వ్యాధిని అవి చూపగలవా అన్నది సాలమన్ జిజ్ఞాస. బెర్లిన్ విశ్వవిద్యాలయ శస్త్రచికిత్సాలయంలో, రోగులనుంచి తొలగించిన సుమారు 3,000 రొమ్ములను ఆయన అధ్యయనం చేశారు. ఎక్స్‌రే చిత్రాలను అసలు కణజాలంతో పోల్చి, 1913లో ఫలితాలను ప్రకటించారు. కణితి వ్యాప్తి, దాని అంచుల తీరు ఆ చిత్రాలలో గోచరించాయి. కొన్నింటిలో అతి సన్నని చుక్కలూ కనిపించాయి. అవి పేరుకొన్న సున్నపు రేణువులు. వాటి ప్రాధాన్యం నాడు పూర్తిగా బోధపడలేదు.

ఇంతలో కాలం ఎదురుతిరిగింది. 1933లో హిట్లర్ అధికారానికి రాగా, యూదుడైన కారణంగా సాలమన్ తన పదవిని కోల్పోయారు. 1938లో సాక్సెన్‌హౌసెన్ నిర్బంధ శిబిరం పాలయ్యారు. గాయని అయిన భార్య పౌలా ప్రయత్నంతో విడుదలై, 1939లో ఆమ్‌స్టర్‌డామ్ చేరారు. 1943లో వెస్టర్‌బోర్క్ శిబిరంలో బంధితులై, తప్పించుకొని అజ్ఞాతవాసం గడిపారు. చిత్రకారిణి అయిన ఏకైక కుమార్తె షార్లెట్‌ను అదే ఏడు నాజీలు ఆష్విట్జ్‌లో హతమార్చారు. ఆమె గీసిన వందలాది చిత్రాలను యుద్ధానంతరం ఆ దంపతులు భద్రపరచి లోకానికి అందించారు. 1976లో సాలమన్ మరణించారు.

ఆయన చూసిన చుక్కల అంతరార్థాన్ని ఉరుగ్వే వైద్యులు రౌల్ లెబోర్న్ 1951 నాటికి వివరించారు. ఉప్పురవ్వల వంటి సూక్ష్మరేణువుల గుంపు క్యాన్సర్‌కు సూచన కావచ్చునని తెలిపారు. నేటి మామోగ్రామ్‌లో ఇవి తెల్లని చుక్కలుగా కనిపిస్తాయి. పెద్దవిగా, గుండ్రంగా, రొమ్మంతటా విడివిడిగా ఉండేవి సాధారణంగా హాని చేయవు. అర మిల్లీమీటరుకన్నా చిన్నవై, వేర్వేరు ఆకారాలతో ఒకేచోట గుమిగూడినవి, పాలనాళం వెంబడి వరుసతీరినవి అనుమానాస్పదాలు. తినే ఆహారంలోని కాల్షియానికీ వీటికీ సంబంధం లేదు. అనుమానం నిర్ధారణ కాదు. చిన్న ముక్క తీసి పరీక్షించిన పిదపనే వైద్యులు నిర్ణయానికి వస్తారు. అలా పరీక్షించినవాటిలో అనేకం క్యాన్సర్ కావని తేలుతుంది కూడా.

రాయికోడ్ వంటి మారుమూల ఊరినుంచి హైదరాబాదు ఆసుపత్రికి వచ్చి మామోగ్రామ్ తీయించుకొనే స్త్రీకి, గడ్డ చేతికి తగలకముందే వ్యాధి జాడ తెలిసే అవకాశం నేడు ఉంది. ఆలస్యం చేయక చికిత్స పొందితే ప్రాణం నిలిచే ఆశ అధికం. కన్నబిడ్డను కాపాడుకోలేకపోయిన ఒక తండ్రి పరిశీలన, నేడు ఎందరో బిడ్డలకు తల్లులను దక్కిస్తున్నది. అధికారం పదవిని లాగివేయగలదు కాని, ఒకసారి వెలుగు చూసిన సత్యాన్ని చెరిపివేయలేదు.