మోషే: 120 సంవత్సరముల జీవితము



శతవార్షికోత్సవ సమయమున మనమందరము సంవత్సరములు లెక్కించుచున్నాము. లేవీయకాండము 25వ అధ్యాయము ప్రకారము 50వ సంవత్సరము సునాద సంవత్సరము. ఆ చొప్పున నూరేండ్లనగా రెండు సునాదములు. ఆ ధర్మశాస్త్రమును ఇశ్రాయేలీయులకు అందించిన మోషే జీవితమును సంఖ్యల వెంట ధ్యానించుట ఈ సందర్భమునకు తగినదని తలంచుచున్నాము.

మన ఆబిడ్స్ పేటకు ఆరవ నిజాము కొలువులోని ఆల్బర్ట్ ఆబిద్ దుకాణమునుబట్టి పేరు వచ్చినది. అతడు ఆర్మేనియా యూదుడని చెప్పుదురు. యూదుల హెబ్రీ భాషలో అక్షరములే అంకెలు. తోరా అను మాటలోని అక్షరముల విలువ 611. మోషే ద్వారా వచ్చిన ఆజ్ఞలు 611, సీనాయి యొద్ద ప్రజలు దేవునినుండి నేరుగా వినినవి 2, వెరసి 613 అని వారి తల్ముదు పండితులు వివరించిరి.

మోషే లేవీ గోత్రమువాడు. తల్లి యోకెబెదు అతనిని 3 నెలలు దాచి, పిమ్మట జమ్ముపెట్టెలో ఏటియొడ్డున ఉంచెను. ఫరో కుమార్తె అతనిని పెంచెను. అపొస్తలుల కార్యములలో స్తెఫను చెప్పిన ప్రకారము, 40 ఏండ్ల ప్రాయమున అతడు తన సహోదరులను చూడబోయి, ఒక ఐగుప్తీయుని చంపి, మిద్యానుకు పారిపోయెను. అచ్చట మరి 40 ఏండ్లు గడచెను. ఫరో యెదుట నిలిచినప్పుడు మోషేకు 80, అహరోనుకు 83 ఏండ్లు. మోషే ప్రార్థనగా పేరుపొందిన 90వ కీర్తన నరుని ఆయుష్షు 70, బలముంటే 80 అనుచున్నది. ఇతరులకు ఆయుష్షు తీరు వయస్సున అతనికి పిలుపు వచ్చెను. పింఛను పుచ్చుకొని ఇక మా పని ముగిసినదనుకొను పెద్దలు దీనిని గమనింతురు గాక.

ఉదయమునుండి సాయంకాలమువరకు ఒక్కడే తీర్పు తీర్చుచుండగా, మామయైన యిత్రో వారించెను. అప్పుడు మోషే వెయ్యిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి అధిపతులను నియమించెను. తరువాత 70 మంది పెద్దలును అతని భారమును పంచుకొనిరి. కనానును వేగుచూడ వెళ్లిన 12 మందిలో 10 మంది భయపడిరి, ఇద్దరే విశ్వసించిరి. చేతులెత్తించి లెక్కించినయెడల గెలుపు ఆ పదిమందిదే! ఆ 40 దినములకు బదులు 40 ఏండ్లు అరణ్యవాసము కలిగెను.

సీనాయి అరణ్యములో లెక్కించిన యోధులు 6,03,550. మోయాబు మైదానములో 6,01,730. మొదటి లెక్కలోనివారిలో కాలేబు, యెహోషువ మాత్రమే మిగిలిరి. మోషే సహితము కనానులో ప్రవేశింపలేదు. బండతో మాటలాడుమనగా రెండుసార్లు కొట్టెను. నీళ్లు వచ్చెను గాని ప్రవేశము తప్పిపోయెను. అతడు బతిమాలుకొనినను అనుమతి దొరకలేదు. అయినను అలుగక, యెహోషువమీద చేతులుంచి పని అప్పగించి, నెబో కొండనుండి ఆ దేశమును కన్నులార చూచి, 120వ ఏట మృతినొందెను. ప్రజలు 30 దినములు దుఃఖించిరి.

వాహనమునకు అదృష్ట సంఖ్య కొరకు రుసుము కట్టువారును, 13 అనగానే జంకువారును మన నాంపల్లి, ఆబిడ్స్ వీధులలో కలరు. మన సంఘములలో లేరనలేము. మోషే సంఖ్యలు అదృష్టము చూచుకొనుటకు కావు. ప్రతి సంఖ్య ఒక బాధ్యత. జనసంఖ్య వ్రాయునప్పుడు ధనికుడు ఎక్కువ ఇయ్యకూడదు, బీదవాడు తక్కువ ఇయ్యకూడదు. ప్రతివాడును అర తులమే. లెక్కలో అందరును సమానులు.

నాంపల్లి స్టేషనులో రైలు దిగి, పొట్టకూటికై అద్దె గదులలో తలదాచుకొను విశ్వాసులు ఎందరో కలరు. వారు ఆదివారము వెనుక బల్లపై కూర్చుండి, ఎవరితోను పలుకక వెళ్లిపోవుదురు. రిజిస్టరులో పేరు లేదు గనుక వారు మన లెక్కలో లేరందుమా? మన యువకులకు పని అప్పగింపక, పదవులను చివరివరకు మనమే పట్టుకొందుమా?

రెండవ శతాబ్దములో ప్రవేశించువారు వారే. మనము నెబోమీదనుండి చూచువారము. 90వ కీర్తన కోరినట్లు, మన దినములను జ్ఞానముతో లెక్కించుటకు ప్రభువు మనకు నేర్పును గాక.