చక్రపాణి

చక్రపాణిగా ప్రసిద్ధుడైన ఆలూరి వెంకట సుబ్బారావు (ఆగష్టు 5, 1908 - సెప్టెంబరు 24, 1975) తెలుగు రచయిత, అనువాదకుడు, పత్రికా సంపాదకుడు, సినీ నిర్మాత. సినిమా ప్రేక్షకులకు విజయా సంస్థ నిర్మాతలలో ఒకడిగా, పత్రికా పాఠకులకు చందమామ వ్యవస్థాపకులలో ఒకడిగా పరిచితుడు. కామిక్స్ పుస్తకాలు తెలుగునాట వ్యాప్తిలోకి రాకమునుపే, బొమ్మకు కథతో సమానమైన స్థానమిచ్చే పద్ధతిని పత్రికలో స్థిరపరచినవాడు ఇతడే. విశేషమేమంటే చక్రపాణి స్వయంగా చిత్రకారుడు కాడు.

బాల్యం, రచనలు

గుంటూరు జిల్లా తెనాలి సమీపంలోని ఐతానగరంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. వ్రజనందన శర్మ వద్ద హిందీ నేర్చుకున్నాడు. చక్రపాణి అన్న కలంపేరు ఆయన పెట్టినదే. యౌవనంలో క్షయవ్యాధి సోకి మదనపల్లె శానటోరియంలో చికిత్స పొందాడు. ఆ రోజులలో క్షయ ప్రాణాంతక వ్యాధి. సాధారణంగా నిరాశతో గడిచిపోయే ఆ కాలాన్ని ఇతడు బెంగాలీ నేర్చుకోవడానికి వినియోగించాడు. తరువాత శరత్‌చంద్ర చటర్జీ నవలలను తెలుగులోకి అనువదించాడు. వాటి భాష ఎంత సహజంగా ఉండేదంటే, శరత్ తెలుగు రచయితే అనుకున్న పాఠకులు కూడా ఉండేవారని చెబుతారు.

1930ల మధ్యలో కొడవటిగంటి కుటుంబరావుతో కలిసి తెనాలి నుండి యువ మాసపత్రికను ప్రారంభించాడు. పి.పుల్లయ్య దర్శకత్వంలో వచ్చిన ధర్మపత్ని (1941) చిత్రానికి మాటలు వ్రాసాడు. బి.ఎన్.రెడ్డి తీసిన స్వర్గసీమ (1945) చిత్రానికి రచయితగా పనిచేసాడు. బి.ఎన్.రెడ్డి తమ్ముడు, ముద్రాపకుడు అయిన బి.నాగిరెడ్డితో కుదిరిన స్నేహం చక్రపాణి జీవితాంతం కొనసాగింది.

చందమామ

తెలుగులో పిల్లల పత్రిక చందమామతోనే మొదలు కాలేదు. రేడియో అన్నయ్యగా పేరుపొందిన న్యాపతి రాఘవరావు 1945లోనే మద్రాసు నుండి బాల పత్రికను ప్రారంభించాడు. చక్రపాణి, నాగిరెడ్డి 1947 జూలైలో చందమామను, మరుసటి నెలలో దాని తమిళ రూపమైన అంబులిమామను వెలువరించారు. 1949లో కన్నడ, హిందీ ప్రతులు, 1950లలో మరికొన్ని భాషల ప్రతులు వచ్చాయి.

అప్పటికే పాశ్చాత్య దేశాలలో కామిక్స్ బాగా పాతుకుపోయాయి. అమెరికా దినపత్రికలలో బొమ్మల వరుసలు 19వ శతాబ్దం చివర నుండి వస్తున్నాయి. సూపర్‌మాన్ 1938లో వచ్చాడు. వాటిలో ఒక పేజీని గళ్ళుగా విభజించి, పాత్రల మాటలను బుడగలలో వ్రాస్తారు. చందమామ ఆ దారి పట్టలేదు. వచనం వచనంగానే ఉంటుంది, కాని ప్రతి పేజీలోనూ బొమ్మ ఉండాలి. ఇది చక్రపాణి పెట్టిన నియమం. కథలోని ఏ ఘట్టానికి బొమ్మ వేయాలన్నది అలంకరణకు సంబంధించిన విషయం కాక సంపాదకుని నిర్ణయమైంది. పాఠకుడు పేజీ తిప్పగానే ముందు బొమ్మను చూస్తాడు, ఏమి జరిగిందో తెలుసుకోవడానికి కథ చదువుతాడు.

ఈ పద్ధతికి వ్యాపారపరమైన ప్రయోజనమూ ఉంది. అన్ని భాషల ప్రతులకూ అవే బొమ్మలు పనికివచ్చేవి, మారేది అక్షరాలే. అయితే బొమ్మ ఉన్న పేజీలోనే ఆ ఘట్టం అన్ని భాషలలోనూ రావాలంటే కథ పొడవు అదుపులో ఉండాలి. చందమామ కథల క్లుప్తతకు ఇదీ ఒక కారణం కావచ్చు.

ఎం.టి.వి.ఆచార్య, చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్య ఈ పత్రికకు రూపమిచ్చారు. శవాన్ని భుజాన వేసుకొని, కత్తి పట్టుకొని నడిచే విక్రమార్కుని బొమ్మ శంకర్ వేసినది. దాసరి సుబ్రహ్మణ్యం వ్రాసిన తోకచుక్క వంటి ధారావాహికలకు చిత్ర బొమ్మలు వేసాడు. నేటికీ చాలామందికి ఆ కథల పేర్లకంటే ముందు ఆ బొమ్మలే గుర్తుకువస్తాయి. 1952 నుండి సంపాదకత్వ బాధ్యత వాస్తవంలో కుటుంబరావు నిర్వహించినా, ఆయన పేరు సంపాదకుడిగా పత్రికలో ముద్రించలేదు. చందమామ ఘనతనంతా చక్రపాణికే కట్టబెట్టేవారు ఈ విషయాన్ని మరువరాదు.

తెలంగాణ పాఠకులు

చందమామ చదువరులందరి పరిస్థితీ ఒకటి కాదు. మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలలో పిల్లలు బడిలో తెలుగు చదివేవారు. తొలి సంచిక వెలువడేనాటికి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థానంలో ఉన్నాయి. అక్కడ ఉన్నత పాఠశాలలలో బోధన ప్రధానంగా ఉర్దూలో సాగేది. నల్గొండ నుండి 1922లోనే నీలగిరి పత్రిక వెలువడినప్పటికీ, పిల్లలకు తెలుగులో చదువుకునే సామగ్రి బహు తక్కువ. పైగా 1946 నుండి 1951 వరకు నల్గొండ జిల్లా సాయుధ పోరాటానికి కేంద్రంగా ఉంది. 1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో విలీనమైన తరువాతనే తెలుగు చదువుకు దారి సుగమమైంది. అక్షరాలు కూడబలుక్కుంటూ చదివేవారికి పేజీకొక బొమ్మ అన్న పద్ధతి పెద్ద ఊతం. బడికి పోని పెద్దలు కూడా బొమ్మను బట్టి కథను ఊహించుకోగలరు. అయితే చందమామ భాష కోస్తా జిల్లాల శిష్ట వ్యావహారికం. తెలంగాణ పలుకుబడికి అందులో దాదాపుగా చోటు దక్కలేదు. ఈ లోపాన్ని కూడా చెప్పుకోవలసి ఉంటుంది.

సినిమాలు

విజయా సంస్థ షావుకారు (1950), పాతాళభైరవి (1951), పెళ్ళిచేసిచూడు (1952), మాయాబజార్ (1957) మొదలైన చిత్రాలను నిర్మించింది. మిస్సమ్మ (1955) కథకు బెంగాలీ నాటకం ఆధారం. గుండమ్మ కథ (1962) కన్నడ చిత్రం ఆధారంగా వచ్చింది. పరాయి కథను తెలుగింటి కథగా మలచడంలో చక్రపాణి దిట్ట. శరత్ అనువాదాలలో కనిపించిన నేర్పే ఇక్కడా కనిపిస్తుంది.

చివరి కాలం

1964లో ఇంద్రజాల్ కామిక్స్, 1967లో అనంత్ పాయ్ సంపాదకత్వంలో అమర్ చిత్ర కథ మొదలై, గళ్ళూ బుడగలూ ఉన్న బొమ్మల పుస్తకాలు మనదేశంలో వ్యాపించాయి. అయినా చందమామ తన పద్ధతిని విడువలేదు. చక్రపాణి 1975 సెప్టెంబరు 24న మరణించాడు. కుటుంబరావు 1980లో మరణించేవరకు పత్రికలోనే పనిచేసాడు. 2007లో చందమామను ముంబైకి చెందిన జియోడెసిక్ సంస్థ కొనుగోలు చేసింది. 2010ల తొలి సంవత్సరాలలో ప్రచురణ ఆగిపోయింది.