కంటికి చిత్రిక పట్టిన వైద్యుడు

అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. కళ్లద్దాలు తీయించే ఆపరేషన్‌కు బ్లేడు మంచిదా, లేజర్‌ మంచిదా? మీ ఇంట్లోనూ ఈ చర్చ నడుస్తోందా? అయితే డాక్టర్‌ హొసే ఇగ్నాసియో బారకేర్‌ గురించి తెలుసుకోండి.

ఆయన 1916లో స్పెయిన్‌లోని బార్సిలోనాలో పుట్టారు. తాత, తండ్రి ఇద్దరూ పేరున్న కంటి వైద్యులు. కంట్లోకి వచ్చే వెలుగును వంచే పనిలో సుమారు మూడింట రెండొంతులు చేసేది నల్లగుడ్డు ముందుండే పారదర్శక పొర, కార్నియా. దాని వంపునే మారిస్తే సైటు తగ్గుతుంది కదా అని బారకేర్‌ ఆలోచించారు. ఆ ఆలోచనను 1949లో ప్రచురించారు. 1953లో కొలంబియా రాజధాని బొగోటాకు వెళ్లి, అక్కడే స్థిరపడ్డారు.

చిక్కల్లా కోతతోనే. కార్నియా మధ్యలో మందం అర మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ. అందులోంచి సమంగా పలుచని పొర తీయడం చేతి కత్తికి కష్టం. అందుకే ఆయన మైక్రోకెరటోమ్‌ తయారుచేశారు. కంటిని ఒక రింగు పీల్చి కదలకుండా పట్టుకుంటుంది. చెక్కకు వడ్రంగి చిత్రిక పట్టినట్టు, దాని మీదుగా బ్లేడు సాగుతుంది. అలా తీసిన బిళ్లను గడ్డకట్టించి, లేత్‌ మిషన్‌పై చెక్కి, తిరిగి కంటికి కుట్టేవారు.

1998లో బొగోటాలో ఆయన కన్నుమూసేనాటికి లాసిక్‌ వచ్చేసింది. ఇందులో పొరను పూర్తిగా తీయరు. పుస్తకం అట్టలా తెరిచి, లోపల లేజర్‌తో సరిచేసి, మూసేస్తారు. కుట్లు ఉండవు. ఆ పొరను కోయడానికి బ్లేడు బదులు ఫెమ్టోసెకండ్‌ లేజర్‌ ఆ తర్వాత వచ్చింది.

మరి ఏది మేలు? లేజర్‌తో పొర మందం మరింత కచ్చితంగా వస్తుంది. పొర మధ్యలో చిల్లు పడటం, పూర్తిగా ఊడిరావడం వంటి ఇబ్బందులు బ్లేడుతోనే ఎక్కువ. అవి కూడా అరుదే. లేజర్‌కు ఖర్చెక్కువ. చివరికి వచ్చే చూపులో మాత్రం పెద్ద తేడా ఉండదు.

అసలు ప్రశ్న కోసేది ఏదని కాదు, కోశాక ఎంత మిగులుతుందని. పొర కింద కనీసం 250 మైక్రాన్లు, అంటే పావు మిల్లీమీటరు మిగలాలన్నది సాధారణంగా పాటించే నియమం. అంతకన్నా పలచబడితే కార్నియా ముందుకు ఉబ్బి, ఉన్న చూపూ దెబ్బతినొచ్చు. కోత ఎంత ఖరీదైనదైనా దీన్నుంచి కాపాడలేదు.

కాబట్టి ముందు ఇవి చూసుకోండి. 18 ఏళ్లు నిండాలి. కనీసం ఏడాదిగా పవర్‌ మారకుండా ఉండాలి. కార్నియా మందం, ఆకారం తెలిపే పరీక్షలు తప్పనిసరి. వాటికి ముందు కాంటాక్ట్‌ లెన్సులు ఎన్నాళ్లు మానాలో డాక్టర్‌ను అడగండి. కెరటోకోనస్‌ ఉన్నవారికి లాసిక్‌ పనికిరాదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆగాలి. కళ్లు బాగా పొడిబారేవారు ముందు దానికి చికిత్స తీసుకోవాలి.

పరీక్షలు చూసి డాక్టర్‌ వద్దంటే, ‘చేస్తాం’ అనే ఇంకో ఆసుపత్రిని వెతక్కండి. పెళ్లివారి కోసం కంటిని పణంగా పెట్టొద్దు. అద్దాలతో చక్కగా కనిపిస్తున్న కన్ను ఆరోగ్యమైన కన్నే.