క్షయ టీకాకు జీవితం ధారపోసిన అల్బేర్ కాల్మెట్

తట్టాంచావడిలో పుట్టిన పసిబిడ్డకు వేసే తొలి టీకాలలో బి.సి.జి. ఒకటి. అందులోని ‘సి’ కాల్మెట్ పేరే. 1863లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో జన్మించిన ఈ వైద్యుడు, సహచరుడు గెరాన్‌తో కలిసి లీల్ నగర ప్రయోగశాలలో 1908 నుంచి 13 ఏళ్లు పశుక్షయ క్రిమిని 230 సార్లు మార్చి మార్చి పెంచారు. యుద్ధకాలంలోనూ ఆ పని ఆగలేదు. చివరకు క్రిమికి రోగం కలిగించే శక్తి నశించింది.

1930లో జర్మనీలోని ల్యూబెక్‌లో నోటి ద్వారా ఈ టీకా ఇచ్చిన శిశువులలో 72 మంది క్షయతో మరణించారు. నింద కాల్మెట్‌పై పడింది. అక్కడి ప్రయోగశాలలోనే ఉగ్రమైన మరో రకం క్షయక్రిమి టీకాలో కలిసిపోయిందని విచారణలో తేలింది. అపవాదు తొలగినా ఆ పసివారి మరణాలు ఆయనను కలచివేశాయి. 1933లో పారిస్‌లో కన్నుమూశారు. మన దేశంలో ఈ టీకా కార్యక్రమం 1948లో మదనపల్లెలో మొదలైంది.