పిల్లాడిని క్రికెట్ క్యాంప్‌లో చేర్పిస్తున్నారా? బందరు మూలాలున్న సీకే నాయుడు కథ ఒకసారి చదవండి

బందరు, గుడివాడ, అవనిగడ్డ.. ఊరేదైనా సమ్మర్ వచ్చిందంటే చాలా ఇళ్లలో ఒకటే గొడవ. పిల్లాడు క్రికెట్ క్యాంప్‌లో చేరతానంటాడు. ఎండకు వడదెబ్బ తగులుతుందని అమ్మ భయం. నాన్న డౌట్ మాత్రం వేరే ఉంటుంది. ఈ ఆట రేపు వీడికి అన్నం పెడుతుందా?

ఈ డౌట్ ఇప్పటిది కాదు. భారత టెస్ట్ క్రికెట్ తొలి కెప్టెన్ సీకే నాయుడు జీవితం మొత్తం చూస్తే, ఇదే ప్రశ్న అడుగడుగునా కనిపిస్తుంది. ఐపీఎల్ వేలం లేదు, సెంట్రల్ కాంట్రాక్ట్ లేదు, టీవీ అసలే లేదు. మరి ఆయన ఎలా నెట్టుకొచ్చారు?

పూర్తి పేరు కొఠారి కనకయ్య నాయుడు. 1895 అక్టోబర్ 31న నాగపూర్‌లో తెలుగు కుటుంబంలో పుట్టారు. వాళ్ల పూర్వీకులది మచిలీపట్నమేనని చెబుతారు. తాత, తండ్రి ఇద్దరూ లా చదివినవాళ్లే. అంటే కలిగిన ఇల్లు. ఈ మాట ముందే చెప్పుకోవాలి. ఎందుకంటే పేదరికం నుంచి వచ్చిన హీరో కథ కాదిది. వెనకాల ఇంటి అండ ఉంది కాబట్టే కుర్రాడికి ఆడుకోవడానికి టైమ్ దొరికింది. మన పిల్లాడికి ఆ టైమ్ ఎవరిస్తారన్నది ఇంట్లోవాళ్లే ఆలోచించుకోవాలి.

సీకే ఆట స్కూల్ గ్రౌండ్‌లోనే మొదలైంది. స్కూల్, కాలేజీ రెండూ నాగపూర్‌లోనే. చదువు మాన్పించి ఎక్కడో దూరాన అకాడమీలో పడేయలేదు. 1916లో, 21 ఏళ్ల వయసులో ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లోకి వచ్చారు. బొంబాయిలో యూరోపియన్స్ జట్టు మీద హిందూస్ జట్టు తరఫున మ్యాచ్. సీకే వచ్చింది తొమ్మిదో నంబర్‌లో. అప్పటికే 7 వికెట్లు పోయాయి. మొదటి మూడు బాల్స్ అడ్డుకుని, నాలుగోది సిక్స్ కొట్టారని ఇప్పటికీ చెప్పుకుంటారు. సిక్స్ సంగతి అందరికీ గుర్తుంటుంది. ఆ ముందు అడ్డుకున్న మూడు బాల్స్ సంగతే ఎవరూ పట్టించుకోరు.

ఇక అసలు మలుపు 1923లో. ఇండోర్ హోల్కర్ మహారాజు ఆయన్ని పిలిపించి తన సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చారు. ఆడేది క్రికెట్, బతుకుతెరువు మాత్రం సంస్థానం కొలువు. తర్వాత కల్నల్ కూడా అయ్యారు. పేరు ముందు కల్నల్ అని రాసేది అందుకే. అన్నం ప్రశ్నకు ఆయన కాలంలో దొరికిన జవాబు అది. ఇప్పుడు సంస్థానాలు లేవు కానీ రైల్వే లాంటి చోట్ల స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలున్నాయి. క్యాంప్ వాళ్లతో మాట్లాడేటప్పుడు పిల్లాడు ఇండియాకు ఆడతాడా అని అడగకండి. ఆ మాటకు సమాధానం ఎవరి దగ్గరా ఉండదు. ఇంతకుముందు ఇక్కడ నేర్చుకున్న పిల్లలు ఏ స్థాయి వరకు ఆడారు, వాళ్ల చదువులు ఏమయ్యాయి అని అడగండి. కాస్త తడబడతారేమో చూడండి.

1926 డిసెంబర్‌లో బాంబే జింఖానాలో జరిగిన మ్యాచ్‌తో సీకే పేరు దేశమంతా మోగిపోయింది. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో వచ్చిన ఎంసీసీ జట్టుపై 153 పరుగులు బాదారు. అందులో 11 సిక్సర్లు, 13 ఫోర్లు. రెండు గంటలు కూడా పట్టలేదు. అప్పటికి ఆయన వయసు 31. పదహారేళ్లకే స్టార్ అయిపోవాలని తొందరపెట్టే పేరెంట్స్ ఈ నంబర్‌ను ఒకసారి చూసుకోవాలి.

ఇంకా ఉంది. 1932 జూన్ 25న లార్డ్స్‌లో ఇండియా తొలి టెస్ట్. నిజానికి ఆ టూర్‌కు కెప్టెన్ పోర్‌బందర్ మహారాజు. ఆయన పక్కకు తప్పుకోవడంతో టెస్ట్‌లో కెప్టెన్సీ సీకేకు దక్కింది. అప్పుడు ఆయనకు 36 ఏళ్లు. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా బ్యాటింగ్‌కు దిగి మొదటి ఇన్నింగ్స్‌లో 40 కొట్టారు. జట్టులో అదే టాప్ స్కోర్. మ్యాచ్ ఓడిపోయాం. కానీ ఆ టూర్‌లో ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లలో 1,618 పరుగులు, 65 వికెట్లతో సీకే అదరగొట్టారు. 1933లో విజ్డెన్ ఆయన్ని ఆ ఏటి ఐదుగురు మేటి క్రికెటర్లలో ఒకరిగా ఎంచింది.

టెస్ట్ లెక్కలు చూస్తే మాత్రం ఆశ్చర్యం వేస్తుంది. మొత్తం ఆడింది 7 టెస్టులే. 350 పరుగులు. టాప్ స్కోర్ 81. అది కూడా 1936లో ఓవల్‌లో ఆడిన చివరి టెస్టులోనే. అదే టూర్‌కు కెప్టెన్ విజయనగరం మహారాజకుమార్.. అంటే విజ్జీ. ఆటలో సీకే ముందు నిలవలేని మనిషి. ఆ టూర్ గ్రూపులతో, గొడవలతో గడిచిందని, సీకే వర్గం, విజ్జీ వర్గం అని జట్టు చీలిందని క్రికెట్ చరిత్ర రాసినవాళ్లంతా చెప్పిన మాటే. సెలక్షన్స్‌లో మావాడికి అన్యాయం జరిగిందని బాధపడే తండ్రులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. కొన్నిసార్లు అది నిజమే కూడా. సీకేకే తప్పలేదు మరి! ఆయన చేసిందల్లా తర్వాత కూడా ఆడుతూ పోవడమే.

మాకైతే సీకే కథలో అన్నింటికంటే విలువైన భాగం ఇండోర్‌లోనే కనిపిస్తుంది. ముస్తాక్ అలీ పేరు వినే ఉంటారు. ఇండోర్‌లో పోలీస్ అధికారి కొడుకు. కుర్రాడిగా ఉన్నప్పుడే సీకే కంట్లో పడ్డాడు. ఆయన దగ్గరే రాటుదేలాడు. 1934 జనవరిలో కలకత్తాలో టెస్టుల్లోకి వచ్చేసరికి వయసు 19. విచిత్రం ఏంటంటే, అప్పుడు అతను ప్రధానంగా ఎడమచేతి స్పిన్నర్. రెండేళ్లు తిరిగేసరికి ఓపెనింగ్ బ్యాట్స్‌మన్! 1936లో మాంచెస్టర్‌లో 112 కొట్టి, విదేశీ గడ్డపై టెస్ట్ సెంచరీ చేసిన తొలి భారతీయుడయ్యాడు. పదేళ్ల పిల్లాడికి నువ్వు బౌలర్‌వి, బ్యాట్ పట్టకు అని ముద్ర వేసే కోచ్ కనిపిస్తే జాగ్రత్తపడండి. ఆ వయసులో అన్నీ చేయనివ్వాలి.

సీకే కోచింగ్ ముద్దుగా ఉండేది కాదు. క్రమశిక్షణ విషయంలో చాలా కఠినం. ఆయనంటే భయపడ్డవాళ్లు, నచ్చనివాళ్లు కూడా జట్టులో ఉన్నారు. కానీ ఫలితం కళ్లముందే ఉంది. హోల్కర్ జట్టు 1945-46, 1947-48, 1950-51, 1952-53 సీజన్లలో రంజీ ట్రోఫీ గెలిచింది. 1945-46 ఫైనల్లో బరోడా మీద సీకే స్వయంగా డబుల్ సెంచరీ చేశారు. అప్పటికి 50 ఏళ్లు!

ఒక్క విషయంలో మాత్రం ఆయన్ని పిల్లలకు చూపించొద్దు. హోల్కర్ రోజుల్లో ఒక మ్యాచ్‌లో ఫాస్ట్ బౌలర్ దత్తు ఫడ్కర్ వేసిన బాల్ నోటికి తగిలి పళ్లు ఊడితే, వాటిని పిచ్ మీద నుంచి పక్కకు తోసేసి బ్యాటింగ్ కొనసాగించారని చెబుతారు. వినడానికి గొప్పగానే ఉంది. కానీ అది హెల్మెట్ లేని కాలం. ఇవాళ తలకు దెబ్బ తగిలిన పిల్లాడిని మళ్లీ క్రీజులోకి పంపే క్యాంప్ ఉంటే, ఆ రోజే బయటకు తీసుకొచ్చేయండి. నెట్స్‌లో అందరికీ హెల్మెట్లు ఉన్నాయా, ఫస్ట్ ఎయిడ్ బాక్స్ ఎక్కడుంది, మధ్యాహ్నం ఎండలో ఆడిస్తున్నారా.. ఫీజు కట్టకముందే గ్రౌండ్‌కు వెళ్లి చూడాల్సినవి ఇవి. గ్రౌండ్ చూడనివ్వకపోతే ఇక అడగడానికి ఏం లేదు.

ఆంధ్ర జట్టు రంజీల్లో మొదటిసారి అడుగుపెట్టింది 1953-54లో. కెప్టెన్ ఎవరో తెలుసా? 58 ఏళ్ల సీకే నాయుడే. నాగపూర్‌లో పుట్టి, ఇండోర్‌లో ఎదిగి, చివరికి సొంత మనుషుల జట్టును నడిపించారు. ఆ తర్వాత ఉత్తరప్రదేశ్ తరఫున కూడా ఆడి, 60 దాటాకే రంజీలకు గుడ్‌బై చెప్పారు. 1956లో పద్మభూషణ్ వచ్చింది. ఆ గౌరవం అందుకున్న తొలి క్రికెటర్ ఆయనే. తమ్ముడు సీఎస్ నాయుడు కూడా టెస్ట్ ఆటగాడు. కూతురు చంద్ర నాయుడు క్రికెట్ కామెంటేటర్‌గా పేరు తెచ్చుకున్నారు. ఇంట్లో ఆడపిల్లకు కూడా ఆట అందిందన్నమాట. క్యాంప్ అనగానే అబ్బాయి పేరే రాయించే ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి కదా..

1967 నవంబర్ 14న ఇండోర్‌లో సీకే కన్నుమూశారు. బాలల దినోత్సవం రోజు.

ఇప్పుడు ఆయన పేరు కుర్రాళ్ల టోర్నీకే ఉంది. బీసీసీఐ అండర్-16కు విజయ్ మర్చంట్ ట్రోఫీ, అండర్-19కు కూచ్ బెహార్ ట్రోఫీ, అండర్-23కు కల్నల్ సీకే నాయుడు ట్రోఫీ. మీ పిల్లాడు బాగా ఆడితే జిల్లా జట్టు, రాష్ట్ర జట్టు మీదుగా వెళ్లాల్సిన దారి ఇదే. ఇక్కడ ఒక్క హెచ్చరిక. వయసు తగ్గించి సర్టిఫికెట్ చేయిద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అండర్-16 స్థాయిలో ఎముకల ఎక్స్‌రే తీసి వయసు అంచనా వేస్తారు. దొరికితే నిషేధం పడేది సలహా ఇచ్చినవాడి మీద కాదు, పిల్లాడి మీద.