బురద, అయస్కాంతం, భట్నాగర్

భట్నాగర్ పేరు మనలో చాలామందికి ఒక బహుమతి పేరుగానే తెలుసు. 1958 నుంచి మన దేశంలో పేరుమోసిన శాస్త్రజ్ఞులకు దాన్ని ఇస్తూ వచ్చారు. ఆ మనిషి ఏం చేశారయ్యా అంటే మాత్రం క్లాసులో సగంమందిమి బిక్కమొహం వేస్తాం. కొలాయిడ్లు మనకు కెమిస్ట్రీ పుస్తకంలో, అయస్కాంతత్వం ఫిజిక్సు పుస్తకంలో. ఆ రెండింటినీ ఒకే బల్ల మీద పెట్టుకుని పనిచేసినవారు శాంతిస్వరూప్ భట్నాగర్. అందుకే ఆయన గురించి రాయబుద్ధయింది.

1894 ఫిబ్రవరి 21న పంజాబులోని భేరాలో పుట్టారు. ఆ ఊరు నేడు పాకిస్తాన్‌లో ఉంది. తండ్రి బడిపంతులు. పిల్లవాడికి ఎనిమిది నెలలప్పుడే పోయారు. తల్లి పుట్టింట సికిందరాబాదులో పెరిగారు (మన హైదరాబాదు పక్కది కాదు, బులంద్‌షహర్ జిల్లాలోది). తాతగారు ఇంజనీరు కావడంతో యంత్రాల పిచ్చి అక్కడే పట్టుకుంది. లాహోరులో చదివి, దయాళ్ సింగ్ కాలేజీ ట్రస్టు స్కాలర్‌షిప్పుతో లండను వెళ్లి, డోనన్ దగ్గర 1921లో డి.ఎస్‌సి. పుచ్చుకున్నారు. కొవ్వు ఆమ్లాల లవణాలు నూనెల తలతన్యతను ఎలా మారుస్తాయన్నది థీసిస్. కాశీలో మూడేళ్లు పాఠాలు చెప్పి, 1924లో లాహోరు యూనివర్సిటీకి వచ్చారు.

నాకు అన్నిటికంటే నచ్చింది బురద సంగతి. రావల్పిండి ప్రాంతంలో అటాక్ ఆయిల్ కంపెనీ చమురుబావులు తవ్వేది. బోరు దిగేటప్పుడు లోపలి రాతిపొడిని పైకి తేవడానికి బంకమట్టి బురదను గొట్టాల్లోకి పంపుతారు. భూమిలో ఉప్పునీళ్లు తగిలితే చాలు, ఆ బురద గట్టిపడి బోరు ఎక్కడిదక్కడ ఆగిపోయేది. మధ్యలో ఆగిన బోరు ఎంత నష్టమో రైతుబిడ్డలకు చెప్పక్కర్లేదు.

భట్నాగర్ దాన్ని కొలాయిడ్ సమస్యగా చూశారు. మట్టిరేణువులు ఋణావేశంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నీళ్లలో తేలుతుంటాయి. ఉప్పు కలిస్తే ఆ నెట్టుడు తగ్గి ముద్దకడతాయి. మా కోవూరోళ్లకు ఇదేం కొత్తగాదు. పెన్న వరదనీళ్లు బిందెలో పట్టి పటిక తిప్పితే ఒండ్రు అడుక్కి దిగుతుంది. ఊటుకూరు దగ్గర పెన్న సముద్రంలో కలిసేచోట ఉప్పునీళ్లు చేసే పనీ అదే. మనకు కావలసింది దిగడం, కంపెనీకి కావలసింది దిగకపోవడం! ఆయన ఆ బురదలో దేశవాళీ చెట్టుబంక కలిపించారు. బంక రేణువు చుట్టూ పొరలా పట్టుకుంటే ఉప్పు దాన్నేం చేయలేదు. తవ్వకం సాగింది.

కంపెనీవాళ్లు సంతోషపడి పరిశోధనకని లక్షా యాభైవేల రూపాయలు ఇవ్వజూపారు. ఆ రోజుల్లో లక్షా యాభైవేలంటే మాటలా! ఆయన దాన్ని యూనివర్సిటీ ద్వారానే ఇమ్మని, కుర్రవాళ్లను పెట్టి పెట్రోలియం పరిశోధన నడిపించారు. మా నాయనకు ఈ కథ చెబితే, ఇంతకీ ఆయన ఇంటికి ఎంత తెచ్చుకున్నాడని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. తర్వాత వచ్చిన రాయల్టీల్లోనూ సగం యూనివర్సిటీకే ఇచ్చేశారు.

ఇక అయస్కాంతం. 1928లో కె.ఎన్. మాథుర్‌తో కలిసి ఒక తక్కెడ తయారుచేశారు. అయస్కాంత క్షేత్రంలో పెట్టిన పదార్థం కంటికి కనిపించనంత కదులుతుంది. ఆ కదలికతో ఒక చిన్న అద్దం జరిగితే కాంతి వ్యతికరణ పట్టీలు జరుగుతాయి. పట్టీలను లెక్కబెడితే కదలిక ఎంతో తెలిసిపోతుంది. లండనులో ఆడం హిల్గర్ కంపెనీ దాన్ని తయారుచేసి అమ్మింది. 1935లో ఇద్దరూ కలిసి మాగ్నెటోకెమిస్ట్రీ మీద పుస్తకం వేశారు.

ఆయన కొలిచింది అయస్కాంతం కదిపిన కదలికను. కొలాయిడ్ రేణువులనే అయస్కాంతంతో మనకు కావలసినచోటికి నడిపించడం తర్వాతి తరం పని. 1963లో నాసాలో స్టీవ్ పాపెల్ ఫెర్రోఫ్లూయిడ్ చేశాడు. భారం తెలియని అంతరిక్షంలో రాకెట్ ఇంధనాన్ని అయస్కాంతంతో పంపువైపు లాగాలని ఆయన ఆలోచన. సముద్రపు ఇసుకలో అయస్కాంతం తిప్పితే నల్లపొడి అంటుకుంటుంది చూడండి, అలాంటి మాగ్నటైట్‌నే సుమారు 10 నానోమీటర్ల రేణువులయ్యేదాకా నూరాలి. నూరినవి ముద్దకట్టకుండా ఒలీయిక్ ఆమ్లం పూత ఉంటుంది. అది కొవ్వు ఆమ్లమే. అటాక్ బురదలో బంక చేసిన పని ఇక్కడ అది చేస్తుంది. భట్నాగర్ ఇదంతా ముందే ఊహించారని నేననను గానీ, ఆయన థీసిస్, బంక, తక్కెడ మూడూ ఈ దారిలోనే కనిపిస్తాయి. అయస్కాంతానికి లొంగే ఇటువంటి సన్నని రేణువులతో ఇవాళ రక్తంలోంచి కావలసిన కణాలను వేరుచేస్తున్నారు.

1942లో సి.ఎస్.ఐ.ఆర్. ఏర్పడినప్పుడు దాని పగ్గాలు ఆయనకే ఇచ్చారు. స్వాతంత్ర్యం రాగానే జాతీయ ప్రయోగశాలలు వరసగా లేచాయి. దీన్ని అందరూ మెచ్చలేదు. పరిశోధన అంతా ఆ భవనాల్లోకి పోతే యూనివర్సిటీలు ఎండిపోతాయని మేఘనాథ్ సాహా గట్టిగా విమర్శించారు. నాకూ సాహాగారి మాటే సబబనిపిస్తుంది. బురదను గెలిచిందీ, తక్కెడను కట్టిందీ విద్యార్థుల మధ్య, యూనివర్సిటీ లాబరేటరీలోనే గదా. ప్రయోగశాలలు లేకుంటే కొత్త దేశానికి పరిశ్రమలు ఎట్లా వస్తాయని అడిగేవాళ్లూ మన కాలేజీలో ఉన్నారు. వాళ్లతో నా వాదన ఇంకా తెగలేదు.

ఆయన 1955 జనవరి 1న కన్నుమూశారు. హైదరాబాదులో 1944లో మొదలైన ప్రయోగశాల, అదే ఇప్పటి ఐ.ఐ.సి.టి., సి.ఎస్.ఐ.ఆర్. కిందికి వచ్చింది ఆ మరుసటి ఏడు, 1956లో.