పల్లకీ, డేరా, సత్రం: వీరాస్వామయ్య గారి కాశీయాత్ర

1830 మే 18, మంగళవారం, రాత్రి 9 గంటలు. చెన్నపట్నంలో తండయారువీడు అనే చోట ఉన్న తన తోట నుంచి ఒక పెద్దాయన కాశీకి బయల్దేరారు. వయసు యాభై దగ్గర పడింది. వెంట ఇంటివాళ్ళు, బంధువులు, వంటవాళ్ళు, నౌకర్లు, పల్లకీ మోసే బోయీలు, అందరూ కలిపి దాదాపు వంద మంది. మే నెల ఎండలో పగలు నడవలేరు కాబట్టి రాత్రి ముహూర్తం. ఆ రాత్రికి చేరింది మాధవరం, అంటే ఇప్పుడు చెన్నై సిటీ బస్సులు తిరిగే ఏరియా. మళ్ళీ ఇల్లు చేరింది 1831 సెప్టెంబర్ 3న. మధ్యలో 15 నెలలకు పైగా ఆయనకి రోజూ ఎదురైన ప్రశ్న ఒక్కటే: ఈ రాత్రి ఎక్కడ పడుకోవాలి?

ఆయన పేరు ఏనుగుల వీరాస్వామయ్య. మనలో చాలామందికి ఈ పేరు ఒక మార్కు బిట్‌గా మాత్రమే తెలుసు. తెలుగులో తొలి యాత్రాగ్రంథాల్లో ఒకటి ఏది అంటే కాశీయాత్ర చరిత్ర, రాసింది ఎవరు అంటే ఈయన, టిక్ పెట్టి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోతాం. నాకూ అంతే తెలుసు. సెలవుల్లో క్యాంపర్‌వ్యాన్ తీసుకుందామా, డేరాలు వేసుకుందామా, లేక మామూలుగా హోటల్ బుక్ చేద్దామా అని మా బ్యాచ్‌లో వారం రోజులుగా గొడవ నడుస్తోంది. ఆ గొడవ మధ్యలో ఈయన జీవితం చదివితే, ఇదే లెక్క 200 ఏళ్ళ క్రితం ఎవరో చాలా సీరియస్‌గా వేసినట్టు అనిపించింది. మనకి లెక్క తప్పితే ట్రిప్ పాడవుతుంది, అంతే. ఆయనకి తప్పితే మనుషులు పోతారు.

వీరాస్వామయ్య గారు 1780 ప్రాంతంలో పుట్టారు, నియోగి బ్రాహ్మణ కుటుంబం. చిన్నప్పుడే తండ్రి పోయారు. చిన్న వయసులోనే ఇంగ్లీషు బాగా నేర్చుకుని కంపెనీ కచేరీల్లో ఉద్యోగానికి కుదిరారు. కొంతకాలం తిరునెల్వేలి వైపు పనిచేసి, చివరికి చెన్నపట్నం సుప్రీం కోర్టులో హెడ్ ఇంటర్‌ప్రెటర్ అయ్యారు. ఆ కోర్టు 1801లో పెట్టింది. జడ్జీలు ఇంగ్లీషు వాళ్ళు, సాక్షులు తెలుగు వాళ్ళు, తమిళులు. మధ్యలో నిలబడి ఒకరి మాట ఇంకొకరికి సరిగ్గా అందించడం ఆయన పని. ఒక్క మాట అటూ ఇటూ అయితే ఎవరి ఆస్తో పోతుంది. ఏళ్ళ తరబడి ఇలాంటి పని చేసిన మనిషికి చూసింది చూసినట్టు, కొలిచింది కొలిచినట్టు రాయడం అలవాటై ఉంటుందని నా ఊహ. పుస్తకంలో ఆ అలవాటు కనిపిస్తుంది.

అలాంటి ఉద్యోగానికి సెలవు పెట్టి బయల్దేరారు. అప్పటికి రైలు లేదు. మద్రాసులో మొదటి రైలు 1856లో గానీ రాలేదు. ప్రయాణికులు దిగే డాక్ బంగళాలు బాగా పెరిగింది కూడా ఆ తర్వాతే. కాబట్టి ఆయన ముందున్న ఆప్షన్లు మనకంటే తక్కువ, కానీ రకం మాత్రం అదే.

మొదటిది పల్లకీ. దీన్ని పెళ్ళి సీన్లలో చూసి అలంకారం అనుకుంటాం గానీ, దూర ప్రయాణానికి అది పడుకునే బండి. లోపల పరుపు, పక్కన తెరలు, రాత్రంతా బోయీలు నడుస్తుంటే లోపలి మనిషి నిద్రపోవచ్చు. ఇంజనూ మంచమూ ఒకే చోట ఉండటమే క్యాంపర్‌వ్యాన్ కదా, ఇది అచ్చంగా అదే. కాకపోతే ఇంజన్ మనుషులు. ఒక పల్లకీకి ఎనిమిది నుంచి పన్నెండు మంది, నలుగురు చొప్పున భుజం మార్చుకుంటూ మోసేవాళ్ళు. ఇక్కడ నాకు ఒక విషయం గుచ్చుకుంది. ఆ వంద మందిలో మనకి బాగా తెలిసిన పేరు ఒక్కటే. నిద్రపోయిన మనిషి పేరు పుస్తకం మీద ఉంది, మోసినవాళ్ళు ఏ చెట్టు కింద పడుకున్నారో మనం ఊహించుకోవాలి. ఆయన మంచివాడు కాదని నేను అనట్లేదు. ఆ కాలంలో ప్రయాణం అంటేనే అలా ఉండేది.

పల్లకీ ఒకరికి సరిపోతుంది, వంద మందికి సరిపోదు. అందుకే డేరాలు. మనం కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే కారవాన్ లాగా, ఇల్లు సామానుగా మారి వెనకాల వస్తుందన్నమాట. గుడ్డ, గుంజలు, తాళ్ళు, మేకులు, వంట పాత్రలు, బియ్యం, అన్నీ మోసుకెళ్ళాలి. మంచి మామిడి తోపు, పక్కన నీళ్ళు దొరికితే డేరాని మించిన బస లేదు. కానీ ఆయన మేలో బయల్దేరారు, అంటే తెలంగాణ చేరేసరికి వానాకాలం. మన నల్లరేగడి సంగతి మనకి తెలుసు. తడిస్తే ఆ మట్టిలో మేకు నిలవదు, అడుగు వేస్తే కాలు బయటికి రాదు. తడిసిన గుడ్డ ఎండిన గుడ్డకంటే ఎంతో బరువు, ఆ బరువు మళ్ళీ పొద్దున్నే మోయాలి. నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా నాగపూర్ వైపు వెళ్ళే దారి మొత్తం ఇదే నేల. పైగా అడవి.

మూడోది సత్రం. కట్టి ఉన్న గోడ, పైకప్పు, బావి. డబ్బున్నవాళ్ళు పుణ్యం కోసం కట్టించినవి. చెన్నపట్నం నుంచి తిరుపతి వైపు ఇవి బాగానే దొరికేవి. కానీ సత్రం మనం కావాలన్న చోట ఉండదు, అది ఉన్న చోటికి మనం వెళ్ళాలి. ఒక్కోసారి పొద్దున్నే చేరిపోతాం, రోజంతా వృథా. ఒక్కోసారి చీకటి పడినా ఇంకా దూరం ఉంటుంది. వంద మందికి అందులో చోటు ఉంటుందన్న గ్యారంటీ కూడా లేదు.

ఇక మనం హోటల్ రేటింగ్‌లో పట్టించుకోని ఇంకో సమస్య ఆయనకి ఉంది, వంట. ఆచారం ఉన్న ఇల్లు. ఎవరి వంట పడితే వాళ్ళ వంట తినరు, మడి కట్టుకుని తమవాళ్ళే వండాలి. కాబట్టి ఎక్కడ దిగినా పొయ్యి పెట్టుకునే చోటు, మంచి నీళ్ళు, ఊళ్ళో కొట్లు కావాలి. ఆయన పుస్తకంలో ఊరి తర్వాత ఊరు చదువుతుంటే మొదట బోర్ కొడుతుంది. ఈ ఊళ్ళో అంగళ్ళు ఉన్నాయా, నీళ్ళు ఎలా ఉన్నాయి, దిగడానికి చోటు ఉందా, దారి ఎలా ఉంది, మళ్ళీ అదే, మళ్ళీ అదే. ఇరవై ఊళ్ళు అయ్యాక అర్థమవుతుంది, ఇది తర్వాత వచ్చేవాళ్ళ కోసం రాస్తున్న డేటా అని. మనం కోడ్‌లో లాగ్ రాస్తాం కదా, ప్రతి స్టెప్‌కీ ఒక లైన్, అలాంటిదే. గూగుల్ మ్యాప్స్‌లో రివ్యూలు చూసి రూమ్ తీసుకునే మనం ఆ విలువని సులభంగా గుర్తుపట్టగలం.

దారి మాత్రం తేలికైనది కాదు. తిరుపతి, కడప, అహోబిలం, మహానంది చూసుకుని నల్లమలలోకి వెళ్ళారు. శ్రీశైలం కొండకి బళ్ళు పోవు. మనుషులు మోసే డోలీ లేదా సొంత కాళ్ళు. పైగా ఆ యాత్రికుల దగ్గర కందనూరు నవాబు, అంటే కర్నూలు నవాబు, పన్ను వసూలు చేసుకునేవాడు. అక్కడి నుంచి కృష్ణ దాటి వనపర్తి, జడ్చర్ల మీదుగా హైదరాబాద్. వంద మంది నది దాటాలంటే సామానంతా విప్పాలి, విడతలుగా దాటించాలి, అవతల మళ్ళీ కట్టాలి. ఒక్కో నదికి ఒక్కో రోజు అలా పోయినా ఆశ్చర్యం లేదు.

హైదరాబాద్‌లో కొన్ని రోజులు ఆగి మేడ్చల్, మాసాయిపేట, రామాయంపేట, కామారెడ్డి దారి పట్టారు. గోదావరి దాటి నిర్మల్, ఆదిలాబాద్, నాగపూర్, జబల్‌పూర్. మనం ఇప్పుడు 44వ నంబర్ జాతీయ రహదారి అనేది ఆ వైపే పోతుంది. జబల్‌పూర్ దగ్గర ఆ రోజుల్లో బస ఎంచుకోవడం నిజంగా ప్రాణం మీది వ్యవహారం. అదే 1830లో విలియం స్లీమన్ అనే కంపెనీ ఆఫీసరు ఆ ప్రాంతంలోనే థగ్గుల్ని పట్టుకునే పనిలో ఉన్నాడు. వాళ్ళు దారిలో స్నేహం కలిపి, కలిసి నడిచి, మజిలీలో అందరూ నిద్రపోయే వేళకి పీకకి గుడ్డ బిగించేవాళ్ళని కంపెనీ రికార్డులు చెబుతాయి. ఎంత చిన్న గుంపు అయితే అంత ప్రమాదం. వంద మందితో వెళ్ళడం చూస్తే మనకి ఆడంబరంలా అనిపిస్తుంది గానీ, నాకైతే ఆ గుంపే ఆయన తీసుకున్న ఇన్సూరెన్స్ అనిపిస్తుంది. ఇంకో భయం కలరా. 1817 నుంచి అది దేశమంతా పాకుతూ వచ్చింది. యాత్రికులు గుమిగూడే చోట్లే దానికి ఇష్టమైన చోట్లు. అందుకే నీళ్ళ గురించి అంత పట్టుదలగా రాసుకున్న మనిషి మీద నాకు గౌరవం పెరిగింది.

ప్రయాగ, కాశీ, గయ యాత్ర పూర్తి చేశారు. ప్రయాగలో, గయలో, తర్వాత పూరీలో కూడా యాత్రికుల మీద కంపెనీ వాళ్ళే పన్ను వసూలు చేసిన రోజులు అవి. కాశీ వరకూ వెళ్ళినవాడు మళ్ళీ అదే దారిన వెనక్కి వస్తే ఈ కథ ఇక్కడ అయిపోయేది. ఆయన గంగ మీద పడవ ఎక్కారు.

నాకు ఈ భాగమే అన్నిటికంటే నచ్చింది. గంగ మీద అప్పట్లో బజరాలు అనే పడవలు ఉండేవి. వెనక సగం గదులు, ముందు తెడ్లు వేసేవాళ్ళు. పగలు ప్రవాహంతో పాటు దిగువకి పోవడం, చీకటి పడితే ఒడ్డుకి కట్టేయడం, ఒడ్డున వంట. డేరా విప్పక్కర్లేదు, కట్టక్కర్లేదు, ఎవరి భుజమూ అరగదు. అడవి బాటలూ బురదా చూసి వచ్చినవాళ్ళకి అది ఎంత హాయిగా ఉండి ఉంటుందో ఊహించండి. మన భద్రాచలం వైపు నుంచి పాపికొండల బోటు ఎక్కి, ఇసుక ఒడ్డున వెదురు గుడిసెలో ఒక రాత్రి పడుకున్నవాళ్ళకి కొంచెం అర్థమవుతుంది. అయితే నది కూడా అమాయకురాలు కాదు. గాలి లేస్తే, సుడి తగిలితే పడవ పోతుంది. గోదావరి పక్కన పెరిగిన మనకి ఆ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు.

కలకత్తా నుంచి మళ్ళీ నేల దారి. పూరీకి కంపెనీ వేయించిన జగన్నాథ్ రోడ్డు ఉంది, యాత్రికుల కోసం దారిలో సత్రాలు ఉన్నాయి. అక్కడి నుంచి గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమండ్రి, నెల్లూరు, చెన్నపట్నం. అంటే వెళ్ళేటప్పుడు నిర్మల్ దగ్గర ఎగువన, వచ్చేటప్పుడు రాజమండ్రి వైపు దిగువన, గోదావరిని రెండుసార్లు దాటారు. భద్రాచలం ఆ రెండింటికీ మధ్యలో ఉండిపోయింది. మా ఖానాపురం హవేలి, ఖమ్మం అయితే ఆ గీతకి బాగా లోపలే. రామదాసు గుడి దారి ఆయన రాసి ఉంటే, ఈ అడవి అంచున ఏ ఊళ్ళో నీళ్ళు బాగుండేవో, ఎక్కడ తోపు ఉండేదో మనకి తెలిసేది. కొంచెం అసూయగానే ఉంది, కామారెడ్డి వాళ్ళ మీద.

కాబట్టి మా బ్యాచ్ ప్రశ్నకి ఆయన దగ్గర ఒక్క మాట జవాబు దొరకలేదు. 15 నెలలు ఆయన ఏ ఒక్కదాన్నీ పట్టుకుని కూర్చోలేదు. గోడ దొరికిన చోట గోడ, తోపు దొరికిన చోట డేరా, నది దొరికిన చోట పడవ. ముందు నీళ్ళు, సరుకులు, నేల చూసుకుని, ఆ తర్వాతే బస సంగతి. మనం రివర్స్‌లో చేస్తున్నాం. ముందు వ్యాన్ ఫోటోలు చూసి మోజుపడి, ఆ తర్వాత అది ఎక్కడ ఆపాలి, ట్యాంకులో నీళ్ళు ఎక్కడ పట్టాలి అని వెతుకుతున్నాం. కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ టూరిజం మొదలుపెట్టినప్పుడు బళ్ళతో పాటు కారవాన్ పార్కులు కూడా పాలసీలో పెట్టింది. బండి ఆగే చోటు లేకుండా బండి ఉండి లాభం లేదని వాళ్ళకి తెలుసు. కిన్నెరసాని పక్కన అలాంటి పార్కు వచ్చే వరకు నా ఓటు మామూలు రూమ్‌కే. మా వాళ్ళు ఒప్పుకోరు, అది వేరే విషయం.

తిరిగొచ్చాక వీరాస్వామయ్య గారు మళ్ళీ కోర్టు ఉద్యోగంలో చేరారు. ప్రయాణం పొడుగునా ఆయన రాసుకున్న సంగతులు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళై అనే స్నేహితుడికి అందుతూ వచ్చాయి. పుస్తకం అచ్చులో చూసుకునే అదృష్టం మాత్రం ఆయనకి లేదు. 1836లో చనిపోయారు. శ్రీనివాస పిళ్ళై ఆ కాగితాలు పోగొట్టకుండా, రెండేళ్ళకి, 1838లో అచ్చు వేయించారు. వందేళ్ళు దాటాక 1941లో దిగవల్లి వేంకటశివరావు గారు వివరాలు సేకరించి మళ్ళీ ప్రచురించారు. ఈ వ్యాసం రాయడానికి అది తిరగేస్తుంటే రామాయంపేట, భిక్నూర్, కామారెడ్డి వరసగా వచ్చాయి, ఆదిలాబాద్ బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే బోర్డులు వచ్చే వరసలోనే.